మా ఊరి లైబ్రరీకి తెలుగు పుస్తకాల లిస్టు: రెండు తీసెయ్యమంటున్నారు, ఒకటి పెట్టమంటున్నారు

మహేంద్రతనయ (గజపతి జిల్లా వైపు)

అందరికీ నమస్కారం. ఊరి పేరు రాయను. సరిహద్దుకు ఇటు, ఒడిశాలో ఉన్న ఒక కాలేజీ ఊరు అనుకోండి. డిగ్రీ కాలేజీ, ఇంజినీరింగ్ కాలేజీ, నర్సింగ్ కాలేజీ, చుట్టూ హాస్టళ్ళు, జెరాక్స్ షాపులు. బజార్లో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా, ఫీజు రసీదు మీద ఇంగ్లీషు.

మా పబ్లిక్ లైబ్రరీకి ఈసారి పుస్తకాల కోసం కొంత గ్రాంటు వచ్చింది. అందులో తెలుగుకి కూడా కొంచెం పక్కన పెట్టారు. ఎంపిక కమిటీలో తెలుగు చదవగలిగినవాళ్ళు లేరని నన్ను పిలిచి లిస్టు తయారుచెయ్యమన్నారు. నేను చెప్పేది కామర్స్. సాహిత్యం నా సబ్జెక్టు కాదు, చదవడం అలవాటు, అంతే. కథలు, నవలలు, పిల్లల బొమ్మల పుస్తకాలు, వ్యవసాయం, ఆరోగ్యం, ఉత్తరాంధ్ర చరిత్ర అన్నీ కలిపి రాసిచ్చాను.

కమిటీ చూడకముందే ఆ కాగితం ఫోటో వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. ఒక పార్టీ వాళ్ళు వచ్చి శ్రీకాకుళ గిరిజనోద్యమం మీద ఉన్న వ్యాసాల సంకలనం తీసెయ్యాలన్నారు. నక్సలైట్ల పుస్తకం ప్రభుత్వ డబ్బుతో ఎలా కొంటారని. మర్నాడు ఇంకో పార్టీ వాళ్ళు వచ్చి, 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు సరిహద్దు ఎలా గీశారో తెలుగువాళ్ళ వైపు నుంచి రాసిన పుస్తకం తీసెయ్యాలన్నారు. ఊళ్ళో భాషల మధ్య చిచ్చు పెడుతుందట. ఈ రెండు పార్టీలూ మామూలు రోజుల్లో ఒకరి టీ కొట్టు దగ్గర ఇంకొకరు నిలబడరు. మూడోవాళ్ళు ఏదీ తీసెయ్యమనలేదు, వాళ్ళ నాయకుడి జీవిత చరిత్ర తెలుగు అనువాదం యాభై కాపీలు ఉచితంగా ఇస్తామన్నారు. అల్మరాలో ముందు వరసలోనే పెట్టాలట.

మార్చి 31లోగా ఆర్డరు వెళ్ళకపోతే డబ్బు వెనక్కి పోతుంది. ఓదార్పు వద్దు, వేరే చోట్ల ఇలాంటప్పుడు ఏం చేస్తారో తెలిసినవాళ్ళు చెప్పండి.

కిమిడి_కుర్రాడు (పర్లాకిమిడి)

మేడమ్, ఆ రెండూ కొట్టేసి మిగతావి తెప్పించెయ్యండి. రెండు పుస్తకాల కోసం మొత్తం గ్రాంటు పోగొట్టుకోవడం దేనికి? పిల్లల పుస్తకాలు వస్తే చాలు. ఆ రెండూ కావాలనుకున్నవాళ్ళు పాతపట్నం వెళ్ళి బస్సెక్కితే శ్రీకాకుళంలో దొరుకుతాయి.

వంశధార (గుణుపూర్)

ఈసారి రెండు కొట్టేస్తారు తమ్ముడూ. వచ్చేసారి లిస్టు రాసేవాళ్ళు ముందే ఆలోచించుకుని ఆ టైపు పుస్తకాలు అసలు రాయరు. అప్పుడు ఎవరూ ఏమీ అడగక్కర్లేదు, అన్నీ వంటల పుస్తకాలూ వాస్తు పుస్తకాలే వస్తాయి.

కిమిడి_కుర్రాడు

వంటల పుస్తకాలు ఎవరైనా చదువుతారన్నా. వ్యాసాల సంకలనం ఎంతమంది చదువుతారు?

లెడ్జర్ (బరంపురం, రిటైర్డ్)

అమ్మా, నేను లైబ్రరీల్లోనే ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు డబ్బు సంగతి. ఆంధ్రాలో 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సు. పంచాయతీలూ మున్సిపాలిటీలూ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చెయ్యాలి. చేస్తాయా, ఎప్పటికి చేస్తాయి అన్నది వేరే కథ, కానీ కాగితం మీద హక్కుగా వచ్చే డబ్బు అది. ఒడిశాలో చట్టం 2001లో వచ్చింది, అందులో సెస్సు లేదు. ఇక్కడి లైబ్రరీ రాష్ట్రం ఇచ్చే గ్రాంటు మీదా, కోల్‌కతాలోని రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ మీదా బతుకుతుంది. ఫౌండేషన్ 1972లో పెట్టింది. రాష్ట్రం వాటా వేస్తే తన వాటా కలిపే పథకాలున్నాయి, తనే పూర్తిగా భరించేవీ ఉన్నాయి. అంటే ఎవరో ఇస్తేనే ఉంది. ఇచ్చేవాడి మొహం చూసి లైబ్రేరియన్ భయపడడంలో ఆశ్చర్యం లేదు.

రెండోది. ఎవరైనా పుస్తకం తీసెయ్యమని బహిరంగంగా అడిగితే అది మంచి రోజే అనుకోండి. నా సర్వీసులో పుస్తకాలు అలా పోవడం తక్కువ చూశాను. పోయే దార్లు వేరు. బైండింగుకి పంపుతారు, తిరిగి రాదు. 'రిఫరెన్స్, ఇంటికి ఇవ్వబడదు' అని ముద్ర కొట్టి లైబ్రేరియన్ గదిలో తాళం వేసిన బీరువాలో పెడతారు. కేటలాగులో ఉంటుంది, చేతికి రాదు. లేదా స్టాకు వెరిఫికేషన్‌లో 'కనబడలేదు' అని రాస్తారు. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమాల్లో (2017, రూల్ 215) ఒక వెసులుబాటుంది: ఏడాదిలో ఇచ్చిన, చదివిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోతే, అందులో మోసమూ నిర్లక్ష్యమూ లేకపోతే, సహజ నష్టంగా తీసుకోవచ్చు. మంచి ఉద్దేశంతో పెట్టిన నియమమే, లేకపోతే లైబ్రేరియన్లు పుస్తకాలన్నీ తాళంలోనే ఉంచేవాళ్ళు. కానీ నచ్చని పుస్తకాన్ని చప్పుడు లేకుండా సాగనంపడానికి అంతకంటే మంచి కన్నం లేదు.

అందుకని ఆ పుస్తకాలు కొన్నాక పని అయిపోయిందనుకోకండి. ఆక్సెషన్ నంబరు (లైబ్రరీ రిజిస్టర్లో ఎక్కించే వరస నంబరు) పడిందా, ర్యాకులోకి వచ్చిందా, ఇష్యూ అవుతోందా అన్నది ఆరు నెలల తర్వాత వెళ్ళి చూడండి.

మూడోది నాయకుడి పుస్తకం. తిరస్కరించకండి. రెండు కాపీలు తీసుకుని జీవిత చరిత్రల వరసలో పెట్టి, మిగతావి థాంక్స్ చెప్పి తిప్పి పంపండి. దానం వచ్చిందైనా కొన్నదైనా ఒకటే గీటురాయి అని కమిటీ చేత రాయించుకోండి. ముందు వరస అనేది లేదు. నంబరు ఎక్కడ చెబితే పుస్తకం అక్కడే. ఉదాహరణకి, పుస్తకాలను విషయాన్నిబట్టి నంబర్లతో విడదీసే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యానికి 894.827. ఆ నంబరుకి ఏ పార్టీ అంటే అభిమానమూ లేదు.

నిర్మొహమాటం (జయపురం)

లెడ్జర్ మాస్టారూ, అన్నీ చెప్పారుగానీ అసలు ప్రశ్న దాటేశారు. ఎంపిక అంటేనే వదిలెయ్యడం కదా? మేడమ్ గారు రాసిన లిస్టులో లేని వేల పుస్తకాలను మేడమ్ గారే తీసేశారు. ఆవిడ తీసేస్తే అభిరుచి, ఇంకొకరు తీసెయ్యమంటే సెన్సార్‌షిప్పా? పన్ను కట్టేది అందరూ. నాకు ఆ రెండు పార్టీల్లో దేనితోనూ సంబంధం లేదు. కానీ జనం డబ్బుతో కొనేటప్పుడు జనం అభ్యంతరం చెప్పకూడదంటే ఎలా?

ఇంకోటి. మా కొరాపుట్ వైపు పరిస్థితి మీకు తెలుసు. ఉద్యమ సాహిత్యం దగ్గరుంటే పోలీసు ప్రశ్నలు ఎలా ఉంటాయో చదువుకున్న పిల్లలకు తెలుసు. ఆ పుస్తకం తీసుకెళ్ళిన కుర్రాడి పేరు ఇష్యూ రిజిస్టర్లో ఉంటుంది. రేపు ఎవరైనా అడిగితే ఆ రిజిస్టరు చూపిస్తారా, చూపించరా? ఆదర్శాలు చెప్పేముందు దానికి జవాబు చెప్పండి.

వంశధార

మొదటి పేరాతో ఒప్పుకోను. రెండో పేరా మాత్రం నిజం. మా హాస్టల్లో కూడా ఈ భయం ఉండేది.

కోర్టుమెట్లు (బరంపురం)

చట్టం చెప్తాను, అభిప్రాయం కాదు.

పుస్తకాన్ని నిషేధించాలంటే రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చి, కారణాలు రాసి, జప్తు ప్రకటించాలి. పాత సీఆర్పీసీలో (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 95. 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలో సెక్షన్ 98. దాని మీద హైకోర్టుకి వెళ్ళొచ్చు, రెండు నెలల గడువు. 2025 ఆగస్టులో జమ్మూ కశ్మీర్లో 25 పుస్తకాల మీద ఇచ్చిన ఉత్తర్వు ఈ సెక్షన్ కిందే. అలాంటి నోటిఫికేషన్ లేని పుస్తకం చట్టప్రకారం మామూలు పుస్తకం. అమ్మొచ్చు, కొనొచ్చు, లైబ్రరీలో పెట్టొచ్చు. పార్టీ ఆఫీసు ఇచ్చిన అర్జీ నోటిఫికేషన్ కాదు.

అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది. ఫలానా పుస్తకం కొనమని లైబ్రరీని బలవంతం చేసే హక్కు పాఠకుడికి చట్టంలో నాకు కనబడలేదు. కొనకపోతే కోర్టుకి ఎక్కడం కష్టం. అందుకే గొడవంతా కమిటీ గదిలోనే తేలుతుంది.

నిర్మొహమాటం గారి రిజిస్టరు ప్రశ్న మంచి ప్రశ్న. పోలీసులు రాతపూర్వకంగా, చట్టప్రకారం అడిగితే ఇవ్వక తప్పదు. నోటిమాట మీద ఎవరో వచ్చి తిరగేస్తామంటే ఇవ్వక్కర్లేదు. పుస్తకం తిరిగొచ్చాక పాఠకుడి పేరుని ఏళ్ళ తరబడి దాచాల్సిన అవసరం ఉందా అన్నది కూడా కమిటీ ఆలోచించుకోవాలి.

గోదావరి_దాటి (నాందేడ్ జిల్లా, ధర్మాబాద్)

మాదీ సరిహద్దే, కాకపోతే మరాఠీ వైపు. మాకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, నిజామాబాద్‌లో చుట్టాలు.

మా దగ్గర 1967 చట్టం. సెస్సు లేదు ఇక్కడా. ఊళ్ళలో జనం పెట్టుకున్న లైబ్రరీలకు ప్రభుత్వం అ, బ, క, డ అని తరగతులిచ్చి గ్రాంటు ఇస్తుంది. ప్రభుత్వం ఆమోదించిన గ్రంథాల జాబితా అచ్చువేస్తుంది. అందులో తెలుగు వెతుక్కోవడం నావల్ల కాలేదు. తెలుగు కావాలంటే మేమే చందాలు వేసుకుని తెచ్చుకుంటాం.

గొడవల సంగతి అంటే, శివాజీ మీద ఒక అమెరికన్ ప్రొఫెసర్ రాసిన పుస్తకం గుర్తుందా? ప్రచురణకర్త 2003లోనే వెనక్కి తీసుకున్నాడు. అయినా 2004 జనవరి 5న పుణెలో భండార్కర్ ఇన్‌స్టిట్యూట్ మీద పడి ధ్వంసం చేశారు. ఆ ప్రొఫెసరు అక్కడి లైబ్రరీలో కూర్చుని పనిచేశాడన్నది కారణం. పాత తాళపత్రాలూ రాతప్రతులూ ఉన్న చోటు అది! ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది, బొంబాయి హైకోర్టు 2007లో ఆ నిషేధం కొట్టేసింది, సుప్రీంకోర్టు 2010లో దాన్నే నిలబెట్టింది. కోర్టు తీర్పు వచ్చింది సరే. తర్వాత ఎన్ని లైబ్రరీలు ధైర్యంగా తెచ్చి పెట్టుకున్నాయి? మా వైపు నేను చూడలేదు. కోర్టుమెట్లు గారు అన్నది అక్షరాలా నిజం, తేలేది కమిటీ గదిలోనే.

అయోవాలో_బరంపురపోడు

నేను పుట్టింది పెద్దబజారు పక్కన, ఇప్పుడుండేది అమెరికాలో, అయోవా రాష్ట్రంలో ఒక యూనివర్సిటీ ఊరు. ఇక్కడి లైబ్రరీ బోర్డు మీటింగులకి సరదాగా వెళ్తుంటాను. నిజంగా సరదాగానే ఉంటుంది, జనం మైకు దగ్గర క్యూ కడతారు.

ఈ రాష్ట్రంలోనే డెమాయిన్ లైబ్రరీ డైరెక్టరు ఫారెస్ట్ స్పాల్డింగ్ 1938లో పాఠకుల హక్కుల మీద ఒక ప్రకటన రాశాడు. మరుసటి ఏడాది అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ దాన్నే ఆధారంగా తీసుకుని దేశం మొత్తానికీ ఆమోదించింది. అదే రాష్ట్రంలో 2023లో స్కూలు లైబ్రరీల నుంచి కొన్ని రకాల పుస్తకాలు తీసెయ్యాలని చట్టం చేశారు, దాని మీద కోర్టుల్లో కేసులు పడ్డాయి. టెక్సాస్‌లో ల్యానో అనే కౌంటీ పబ్లిక్ లైబ్రరీ పుస్తకాలు తీసేస్తే పాఠకులు కేసు వేశారు. 2025లో అప్పీలు కోర్టు వాళ్ళకు ఆ హక్కు లేదంది. ఇక్కడ అంతా స్వేచ్ఛే అని ఎవరూ అనుకోకండి.

పనికొచ్చేది ఒకటుంది. ఇక్కడ చాలా లైబ్రరీల్లో అభ్యంతరానికి ఒక ఫారం ఉంటుంది. పేరు, ఊరు, ఏ పుస్తకం, ఏ పేజీ, ఏది బాలేదు, దీనికి బదులు ఏ పుస్తకం సూచిస్తారు. అన్నిటికంటే ముఖ్యంగా: 'పుస్తకం మొత్తం చదివారా?' అని ఒక గడి. ఆ ఫారం నింపితే సిబ్బంది చదివి రాతపూర్వకంగా జవాబిస్తారు. జవాబు వచ్చేదాకా పుస్తకం ర్యాకులోనే ఉంటుంది, అదీ రూలే. ఫోన్లు చేసేవాళ్ళు బోలెడు, ఫారం నింపేవాళ్ళు కొద్దిమందే.

నిర్మొహమాటం గారికి: ఎంపికకీ సెన్సార్‌షిప్‌కీ తేడా గురించి లెస్టర్ ఆషైమ్ అనే ఆయన 1953లో రాశాడు. స్థూలంగా ఆయన చెప్పింది ఇది. ఎంచేవాడు పుస్తకాన్ని ఉంచడానికి కారణాలు వెతుకుతాడు, అందులో లోపం కనబడినా మొత్తంగా చూస్తాడు. సెన్సారు చేసేవాడు తీసెయ్యడానికి కారణం వెతుకుతాడు, ఒక్క పేజీ దొరికితే చాలు.

నిర్మొహమాటం

బావుంది. కానీ ఎంచేవాడి మనసులో ఏముందో నాకెలా తెలుస్తుంది? ఇద్దరూ ఒకే పెన్నుతో కొట్టేస్తారు.

లెడ్జర్

అందుకే రాసి పెట్టుకోవాలంటున్నాను. లిస్టు రాయడానికి ముందు, ఏ గీటురాయి మీద ఎంచుతామో ఒక పేజీ. పాఠకులు అడిగినవి, ఇక్కడి చరిత్రకి సంబంధించినవి, ఇప్పటికే ర్యాకులో లేని విషయాలు, పిల్లలవి. మనసులో ఏముందో చూడక్కర్లేదు, ఆ పేజీకి కట్టుబడ్డారా లేదా చూస్తే సరిపోతుంది. యునెస్కో పబ్లిక్ లైబ్రరీ మేనిఫెస్టో 1994 పాఠంలో కూడా సేకరణ మీద రాజకీయ, మత, సిద్ధాంతపరమైన సెన్సార్‌షిప్ ఉండకూడదనీ, వ్యాపార ఒత్తిళ్ళు కూడా ఉండకూడదనీ ఉంది. ఆ చివరిమాట ఎవరూ పట్టించుకోరు. మన దగ్గర సగం ఎంపిక సప్లయర్ చేతుల్లో ఉంటుంది. డిస్కౌంటు ఎక్కువ ఎవడిస్తే వాడి గోడౌన్లో ఉన్నదే మన అభిరుచి.

పాతపట్నం_టీచర్

రైల్వే గేటు దాటితే మీ ఊరేనమ్మా, అందుకని నేనూ చెప్పొచ్చు.

పుస్తకాల మీద గొడవ ఈ నేలకి కొత్తా? గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే వ్యావహారిక భాష కోసం పోరాడారు. 1910ల్లో పాఠ్యపుస్తకాల భాష ఏది ఉండాలన్నది మద్రాసు దాకా పెద్ద రాజకీయం. ఆయన ఇక్కడి గిరిజనులు మాట్లాడే సవర భాషకి వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఇంకోటి చూడండి, ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి'ని తెల్లవాళ్ళు నిషేధించారు. 1937లో మద్రాసులో కాంగ్రెస్ మంత్రివర్గం వచ్చాక గానీ పూర్తిగా బయటపడలేదు. ఇవాళ అదే పుస్తకం ఎమ్మే సిలబస్.

అయ్యంకి వెంకటరమణయ్య గారు 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథ భాండాగార సంఘం పెట్టినప్పుడు లైబ్రరీ అంటేనే రాజకీయం. పేపరు చదివి వినిపించడానికీ మీటింగు పెట్టుకోవడానికీ ఊళ్ళో అదే చోటు. రాజకీయం లేని లైబ్రరీ కావాలనడం ఇప్పుడొచ్చిన మాట.

కిమిడి_కుర్రాడు

టీచర్ గారూ, చరిత్ర బాగుంది కానీ ఆర్డరు మార్చి 31కి.

గుణుపూర్_హాస్టల్

ఒక స్టూడెంటుగా చెప్తాను, ఎవరూ తిట్టకండి. మేము లైబ్రరీకి వెళ్ళేది ఫ్యాన్ కోసం, చార్జింగ్ పాయింటు కోసం, ఓపీఎస్సీ (ఒడిశా పబ్లిక్ సర్వీస్ కమిషన్), రైల్వే, బ్యాంకు గైడ్ల కోసం. పొద్దున్న ఏడింటికే బయట బ్యాగులు పెట్టి సీట్లు ఆపుకుంటాం. ఆ గదిలో యాభై మందిలో ఒక్కడు కూడా ర్యాకు వైపు వెళ్ళి కథల పుస్తకం తీయడం నేను చూడలేదు.

ఇంకో మాట. నేను తెలుగే మాట్లాడతాను. ఇంట్లో అమ్మ, నాన్నమ్మ, అందరూ తెలుగే. కానీ చదివింది ఒడియా మీడియం, తర్వాత ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు ఫోన్లో ఈ వేదిక చూస్తూ, సినిమా పోస్టర్లు చూస్తూ నేర్చుకున్నాను. ఈ పోస్టు కూడా మైకులో చెప్పి టైపు చేయించాను. మా బ్యాచ్‌లో తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామంది, తెలుగు చదవగలిగేవాళ్ళు చాలా తక్కువ. మీరు ఏ పుస్తకం పెట్టాలా అని కొట్టుకుంటున్నారు. చదివేవాళ్ళెవరు?

వంశధార

ఇది అన్నిటికంటే పెద్ద దెబ్బ.

పాతపట్నం_టీచర్

నాయనా, తిట్టడం దేనికి, మాకే సిగ్గు. రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉంది, మైనారిటీ భాషల పిల్లలకి ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే ఏర్పాట్లు రాష్ట్రం చెయ్యాలని. ఏర్పాటు ఉన్నచోట కూడా టీచర్ పోస్టు ఖాళీ, పుస్తకాలు ఆలస్యం, పై తరగతికి వెళ్ళాక మళ్ళీ మీడియం మారాలి. తల్లిదండ్రులు లెక్క చూసుకుని మొదటి నుంచే ఒడియాలోనో ఇంగ్లీషులోనో వేస్తున్నారు. వాళ్ళ తప్పు కాదు.

మహేంద్రతనయ గారూ, మీ లిస్టులో పెద్ద అక్షరాల బొమ్మల పుస్తకాలు ఎన్ని ఉన్నాయి? పెద్దవాళ్ళు తెలుగు నేర్చుకునే వాచకాలు? ఒడియా–తెలుగు రెండూ పక్కపక్కన ఉన్నవి దొరికితే ఇంకా మంచిది.

చర్చ నిర్వాహకులు

ఒక సభ్యుడు ఊరి పేరు, ఇద్దరు వ్యక్తుల పేర్లు రాసి పెట్టిన పోస్టు తొలగించాం. సమస్య మాట్లాడండి, మనుషుల పేర్లు వద్దు. పుస్తకం పేరు కూడా ఇంకా బయటపెట్టని సంగతి గమనించండి, మేడమ్ గారి ఇష్టం.

నిర్మొహమాటం

చూశారా, ఇక్కడా సెన్సారే. (నవ్వు కోసం అన్నాను, మళ్ళీ నన్ను తీసెయ్యకండి.)

గుణుపూర్ తమ్ముడు చెప్పింది చదివాక ఒకటనిపించింది. ఆ రెండు పార్టీల వాళ్ళలో ఆ రెండు పుస్తకాలూ తెలుగులో చదవగలిగినవాళ్ళు ఎంతమంది?

మహేంద్రతనయ

అందరికీ థాంక్స్. ఇంత వస్తుందనుకోలేదు. కాలేజీ ఇంటర్నల్స్ వల్ల ఆలస్యమైంది.

నిర్మొహమాటం గారూ, మీ ప్రశ్నే నేను వాళ్ళని అడిగాను, ఇంకొంచెం మర్యాదగా. 1936 పుస్తకం వద్దన్న పక్షంలో ఒక పెద్దాయన తెలుగు చదవగలరు, చదివారు కూడా. ఆయన అభ్యంతరం నిజమైనదే. ఒక అధ్యాయంలో ఒడిశా రాష్ట్రం కోసం పనిచేసిన ఒడియా నాయకుల మీద కొన్ని మాటలు చాలా తేలిగ్గా ఉన్నాయన్నారు. నేనూ మళ్ళీ చదివాను, ఉన్నాయి. అయితే తీసెయ్యడానికి బదులు, అదే విషయం మీద ఒడియా వైపు నుంచి రాసిన మంచి పుస్తకం ఒకటి చెప్పండి, రెండూ ఒకే ర్యాకులో పెడదామన్నాను. ఆయన రెండు చెప్పారు. ఒకటి మా లైబ్రరీలో ముందే ఉంది, చాలాకాలంగా ఎవరూ తీసుకెళ్ళలేదు!

ఉద్యమం సంకలనం వద్దన్నవాళ్ళెవరూ చదవలేదు. చదవాల్సిన పని లేదన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

మీటింగులో మూడు పెట్టాను. ఒకటి, లెడ్జర్ మాస్టారు చెప్పిన ఒక పేజీ గీటురాళ్ళు, ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మూడింటికీ ఒకటే. రెండు, అయోవా అబ్బాయి చెప్పిన ఫారం. 'మొత్తం చదివారా' అన్న గడి మాత్రం ఒకరు తీయించేశారు, అది అవమానంగా ఉందట. మూడు, టీచర్ గారు చెప్పిన పిల్లల పుస్తకాలు, వాచకాలు, నేను రాసినదానికి రెట్టింపు చేశాను. కొన్ని నవలలు తగ్గించాను. నాకు ఇష్టమైనవే పోయాయి, ఏం చేస్తాం.

జీవిత చరిత్ర రెండు కాపీలు తీసుకున్నాం. ఇచ్చినవాళ్ళు ఫోటో దిగి వెళ్ళిపోయారు, వరస సంగతి మళ్ళీ అడగలేదు.

లిస్టు రెండు పుస్తకాలతో సహా పాసైంది. ఒకరు వ్యతిరేకం అని మినిట్స్‌లో రాయించారు. వాళ్ళ హక్కు. ఆర్డరు మార్చిలోనే వెళ్ళింది.

వంశధార

శభాష్!

కోర్టుమెట్లు

మినిట్స్ కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. ఇవ్వనంటే సమాచార హక్కు కింద అడగండి. ఒడిశాలో ఫారం-ఎ నింపాలి, గుర్తింపు కార్డు జతచెయ్యమంటారు, ముప్పై రోజుల్లో జవాబు రావాలి. రేపు కమిటీ మారినా కాగితం మారదు.

మహేంద్రతనయ

నిన్న సప్లయర్ దగ్గర్నుంచి ఫోను. పిల్లల పుస్తకాలు వచ్చేశాయట, వాచకాలు దార్లో ఉన్నాయట. ఉద్యమం సంకలనం ఒక్క కాపీ దొరికింది. 1936 పుస్తకం మార్కెట్లో లేదు, ప్రింటు అయిపోయి చాలా కాలమైందట. మళ్ళీ వేస్తారో లేదో ప్రచురణకర్తకే తెలీదు. ఇంత గొడవా దొరకని పుస్తకం మీద జరిగింది.

కిమిడి_కుర్రాడు

😂😂 సారీ మేడమ్. నవ్వకుండా ఉండలేకపోయాను.

పాతపట్నం_టీచర్

మా ఇంట్లో ఒకటుంది. చెదలు కొంచెం అంచులు కొట్టింది, లోపల అక్షరం పోలేదు. ఇస్తాను. ఎలా ఇవ్వాలి?

లెడ్జర్

దానం ఇస్తున్నట్టు ఒక చిన్న ఉత్తరం రాయండి టీచర్ గారూ. పేరు, పుస్తకం పేరు, సంవత్సరం, 'షరతులు లేవు' అన్న మాట తప్పకుండా. దానం పుస్తకాలు కూడా కమిటీ ముందుకే వెళ్తాయి, అదే ఒక పేజీ గీటురాయి మీద. రసీదు అడిగి తీసుకోండి. ముందు ఒక వారం ఎండలో కాకుండా గాలి తగిలే చోట పెట్టి, చెదలు ఉందేమో చూసి, అట్ట వేయించి ఇవ్వండి. లేకపోతే 'బైండింగుకి పంపాం' అంటారు.

గుణుపూర్_హాస్టల్

ఆ వాచకాలు వచ్చాక బయటి ఊరివాళ్ళకి మెంబర్‌షిప్ ఇస్తారా మేడమ్? ఆధార్‌లో అడ్రసు గుణుపూర్ ఉంది.

మహేంద్రతనయ

డిపాజిట్ కట్టాలి, మా ఊరివాళ్ళు ఒకరు సంతకం పెట్టాలి. నేను పెడతాను. ప్యాసింజర్‌లో వచ్చేట్టయితే ఆదివారం రాకు, సెలవు.